పన్నెండో నంబరు

మా ఇంట్లో ఈఎస్పీఎన్ అనే ఆటల ఛానెల్‌ను ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. పన్నెండు అనేవాళ్ళం. "మీకు పన్నెండు వస్తోందా?" అని పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి అడిగేవారు. "పదమూడు బాగానే ఉంది, పన్నెండే చుక్కలు చుక్కలుగా వస్తోంది" అని అమ్మ చెప్పేది. పదమూడంటే స్టార్ స్పోర్ట్స్. తెనాలిలో మా వీధి మొదలు నుంచి చివరి దాకా ఈ లెక్క అందరికీ తెలుసు. వీధి దాటితే కేబుల్ ఆయన మారిపోయేవాడు, నంబర్లూ మారిపోయేవి. మా మేనత్త వాళ్ళింట్లో పన్నెండు నొక్కితే భక్తి పాటలు వచ్చేవి.

ఆ రెండు నంబర్ల వెనక సింగపూర్‌లో ఒక కంపెనీ ఉందని గానీ, అందులో సగం అమెరికా వాళ్ళది, సగం మీడియా వ్యాపారి మర్డోక్‌ది అని గానీ మాకు తెలీదు. తెలిసినా పట్టించుకునేవాళ్ళం కాదు. మాకు తెలిసిన కంపెనీ ఒక్కటే, మా కేబుల్ బాబాయ్.

మా ఇంటికి వైరు వచ్చింది 1993లో. నాకు తొమ్మిదేళ్ళు. బాబాయ్ కిటికీ చెక్కకు బర్మాతో బెజ్జం వేసి, నల్ల వైరు లోపలికి లాగి టీవీ వెనక గుచ్చాడు. మాది ఎనిమిది బటన్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ. ముందు భాగంలో చిన్న మూత తెరిస్తే బటన్‌కొకటి చొప్పున బుల్లి చక్రాలు ఉండేవి. చూపుడు వేలి గోరుతో ఆ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పితే చుక్కల్లోంచి మనిషి బయటికొచ్చేవాడు, ఇంకో వెంట్రుకవాసి తిప్పితే మళ్ళీ చుక్కల్లోకి వెళ్ళిపోయేవాడు. ఆ పని మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ చేతకాదు. ఆ సంగతి నేను బళ్ళో కూడా చెప్పుకున్నాను.

స్టార్ స్పోర్ట్స్‌కి అప్పుడు ఆ పేరు లేదు, ప్రైమ్ స్పోర్ట్స్ అనేవాళ్ళు. స్టార్ టీవీ 1991లో హాంకాంగ్‌లో మొదలైంది. స్టార్ ప్లస్, ప్రైమ్ స్పోర్ట్స్, ఎంటీవీ, బీబీసీ, ఒక చైనా ఛానెల్, మొత్తం ఐదు. మా ఇంటికి వైరు వచ్చిన ఏడాదే మర్డోక్ అందులో పెద్ద వాటా కొన్నాడు. ప్రైమ్ స్పోర్ట్స్‌లో క్రికెట్ ఎప్పుడో గానీ వచ్చేది కాదు. మాకు దొరికింది డబ్ల్యూడబ్ల్యూఎఫ్. అండర్‌టేకర్ నల్ల టోపీ పెట్టుకుని నడిచొస్తుంటే మా నాయనమ్మ నిజంగానే దడుసుకునేది. ఎవడినైనా ఎత్తి కుర్చీ మీద పడేస్తే, "అయ్యో, వాడి నడుం విరిగుంటుందిరా, చుట్టూ అంతమంది ఉండి ఒక్కడూ పట్టించుకోడేం" అనేది. అది ఉత్తుత్తి కుస్తీ అని నేనెన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. నాక్కూడా పూర్తిగా నమ్మకం లేదనుకోండి. వీధి చివరి కొట్లో ఆ మల్లయోధుల కార్డులు అమ్మేవాళ్ళు. ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు పందెం వేసుకుని ఆడేవాళ్ళం. సచిన్ బ్యాటింగ్ సగటు కంటే ముందు మాకు యోకోజునా బరువు నోటికొచ్చింది.

అదే ఏడాది నవంబర్‌లో హీరో కప్. ఈడెన్ గార్డెన్స్‌లో సెమీఫైనల్, దక్షిణాఫ్రికాకు ఆఖరి ఓవర్‌లో ఆరు పరుగులు కావాలి, బంతి సచిన్ చేతికిచ్చారు, మూడే ఇచ్చాడు. రెండు పరుగుల తేడాతో గెలిచాం. ఇది అందరికీ తెలిసిన కథే. ఆ కప్ చుట్టూ జరిగిన ఇంకో ఆట సంగతి నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కులు దూరదర్శన్‌కు కాకుండా ఒక విదేశీ కంపెనీకి అమ్మింది. ప్రభుత్వం కుదరదంది. వాళ్ళ సామాను కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. గొడవ కోర్టుకెక్కింది. చివరికి 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, అవి ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదు అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత మన ఆటను కొనుక్కోవడానికి ఎవరెవరు వచ్చారో చూస్తే ఆ తీర్పు ఎంత పెద్దదో అర్థమవుతుంది. ప్రజల ఆస్తిని ప్రజలే నెలనెలా డబ్బు కట్టి చూడాల్సి వచ్చిందేమిటి అని మాత్రం అడక్కండి. మా నాన్న అడిగేవాడు.

ఈఎస్పీఎన్ అమెరికాలో 1979లో పుట్టిన ఛానెల్. మన దేశానికి 1995లో వచ్చింది. వస్తూనే స్టార్‌తో పోటీ పడింది. హక్కుల కోసం ఇద్దరూ పాడుకుంటూ పోతే ఇద్దరి జేబులూ ఖాళీ అవుతాయని తెలుసుకున్నట్టున్నారు, 1996లో చేతులు కలిపారు. ఈఎస్పీఎన్ స్టార్ స్పోర్ట్స్ అని ఒకే సంస్థ, చెరి సగం వాటా. ఆ కాలానికి మా ఇంట్లోకి రిమోట్ ఉన్న కలర్ టీవీ వచ్చింది. నా గోటి పనికి గిరాకీ పోయింది. పన్నెండు, పదమూడు పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి.

కలర్ టీవీ వచ్చాక నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. నాన్న ఆర్టీసీలో కండక్టర్. క్రికెట్ పిచ్చి ఉంది గానీ ఇంగ్లిష్ అంతంత మాత్రం. దూరదర్శన్‌లో అయితే హిందీ కొంత, ఇంగ్లిష్ కొంత వచ్చేది, అలవాటైన గొంతులు. పన్నెండులో మొత్తం ఇంగ్లిషే. అందులోనూ ఒక్కొక్కరిదీ ఒక్కో యాస. కామెంటేటర్ ఏదైనా గట్టిగా అన్నా, పక్కవాడు నవ్వినా, నాన్న తల తిప్పకుండానే అడిగేవాడు, "ఏమంటున్నాడ్రా?"

నేను చెప్పాలి. హర్షా భోగ్లే అయితే ఇబ్బంది లేదు. పైగా ఆయన మన హైదరాబాద్ మనిషి, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివాడని తెలిశాక నాన్న ఆయన్ని మనవాడి కింద జమ కట్టేశాడు. గవాస్కర్ నిదానంగా చెబుతాడు, పట్టుకోవచ్చు. రవిశాస్త్రి గొంతు పెంచేది ఫోర్ వెళ్ళినప్పుడే కాబట్టి తర్జుమా అక్కర్లేదు. బాయ్‌కాట్ దగ్గర నాకు చెమటలు పట్టేవి. ఆయన మాట్లాడేది ఇంగ్లిషేనని నాకు ఆలస్యంగా తెలిసింది. సిద్ధూతో ఇంకో రకం కష్టం. ఒక మామూలు సింగిల్‌కి అరనిమిషం పాటు సామెత మీద సామెత వేసేవాడు. నేను "బాగా ఆడాడంటున్నాడు నాన్నా" అనేవాణ్ణి. "అంతసేపు మాట్లాడింది ఆ రెండు ముక్కలకేనా?" అని నాన్న అనుమానంగా చూసేవాడు. ఆ చూపు భరించలేక నేను సొంతంగా కల్పించడం మొదలుపెట్టాను. తాటిచెట్టు, మేకపిల్ల, పెళ్ళివారు, నోటికొచ్చిన పోలికల్లా సిద్ధూ నోట్లో పెట్టాను. నాన్న తెగ నవ్వేవాడు.

నాకు ఇంగ్లిష్ వచ్చింది ఇలాగే. బళ్ళో మాస్టారు చెప్పిన వ్యాకరణం కంటే, "ఔట్‌సైడ్ ది ఆఫ్ స్టంప్" అన్న మాటలో "ది" ఎక్కడ పడుతుందో ముందు తెలిసింది. మా ఇంటర్ లెక్చరర్ ఒకసారి నా ఉచ్చారణ విని, "ఏ కాన్వెంటయ్యా నువ్వు?" అన్నారు. పన్నెండో నంబరు కాన్వెంటు అని చెప్పలేక ఊరుకున్నాను.

ఇక డబ్బుల సంగతి. ఈఎస్పీఎన్ ఉచితంగా వచ్చే ఛానెల్ కాదు. కేబుల్ ఆపరేటర్ కంపెనీ దగ్గర డీకోడర్ పెట్టె, అందులో పెట్టే కార్డు తెచ్చుకోవాలి. ఎన్ని ఇళ్ళకు ఇస్తున్నాడో లెక్క చెప్పి, ఇంటికింత చొప్పున కట్టాలి. చిక్కంతా ఆ లెక్క దగ్గరే. ఒకే వైరు మీద అన్ని ఛానెళ్ళూ అన్ని ఇళ్ళకూ పోతాయి కాబట్టి ఎవరింట్లో ఏది చూస్తున్నారో తెలిసే దారి లేదు. దేశమంతా ఆపరేటర్లు ఉన్న ఇళ్ళకంటే తక్కువ చెప్పేవాళ్ళు. తక్కువ చెబుతారని కంపెనీలు రేటు పెంచేవి. రేటు పెంచారని వీళ్ళు ఇంకా తక్కువ చెప్పేవాళ్ళు. మా బాబాయ్ దగ్గర రెండు నోటుపుస్తకాలు ఉండేవి. నీలం అట్టది మా దగ్గర వసూళ్ళకు, ఎర్ర అట్టది కంపెనీ మనిషి వచ్చినప్పుడు చూపించడానికి. ఎర్ర పుస్తకంలో మా వీధి సగం ఖాళీ. ఆ పుస్తకం ప్రకారం మా ఇల్లు అసలు లేదు.

కంపెనీ మనిషికి ఈ సంగతి తెలీదనుకోవడానికి లేదు. సరిగ్గా ఏదైనా పెద్ద సిరీస్ ముందు పన్నెండు ఆగిపోయేది. నల్లటి తెర మీద బాకీ కట్టలేదని ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు. వీధి మొత్తం బాబాయ్ ఇంటి మీదికి వెళ్ళేది. "నేనేం చేసేదండీ, ఈసారి డబుల్ అడుగుతున్నారు" అనేవాడు ఆయన. రెండు రోజుల బేరం తర్వాత, ఒక్కోసారి టాస్ వేసే వేళకు, బొమ్మ వచ్చేది. వచ్చే నెల మా దగ్గర పది రూపాయలు ఎక్కువ తీసుకునేవాడు. ఇచ్చేవాళ్ళం. అప్పుడు తిట్టుకున్నాం గానీ, రేపు మ్యాచ్ ఉండగా ఈరోజు తెర నల్లగా ఉన్నప్పటి ఆ టెన్షన్ మళ్ళీ దేనికీ పడలేదు.

ఆ కాలంలో ఆస్ట్రేలియా టూర్ అంటే పండగే. మెల్‌బోర్న్, సిడ్నీలో పొద్దున పదిన్నర అంటే మనకు ఐదు. అడిలైడ్‌లో అయితే ఐదున్నర. చలికాలం. తలుపులు మూసి, లైట్లు వేయకుండా, సౌండ్ తగ్గించి పెట్టుకునేవాళ్ళం. చీకటి గదిలో ఆ పచ్చిక మీద ఎండ పడి, గోడలన్నీ ఆకుపచ్చగా కనిపించేవి. అక్కడి ఛానెల్ నైన్ బొమ్మే ఇక్కడికి వచ్చేది కాబట్టి రిచీ బెనో, టోనీ గ్రెగ్, బిల్ లారీ మా ఇంటి మనుషులైపోయారు. బెనో మాట్లాడటమే తక్కువ. నాన్నకు ఆయనంటే చాలా గౌరవం. "పెద్దమనిషిరా, ఊరికే నోరు పారేసుకోడు" అనేవాడు. అర్థం కాని మాటల్లో కూడా మర్యాద తెలుస్తుందేమో.

2003 డిసెంబర్ నాటి అడిలైడ్ టెస్టు గురించి చెప్పకుండా ఉండలేను. ఆస్ట్రేలియా 556 కొట్టింది, పాంటింగ్ ఒక్కడే 242. మనం 85కి 4. అక్కడి నుంచి ద్రావిడ్, మన లక్ష్మణ్ కలిసి 303 జోడించారు. లక్ష్మణ్ 148, ద్రావిడ్ 233. మూడో రోజు ఆదివారం కావడంతో మా వీధిలో పాలు పోసే ఆయన తప్ప ఇంకెవరూ బయట కనిపించలేదు. రెండో ఇన్నింగ్స్‌లో అగార్కర్ 41 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. అగార్కరా అని నాన్న మూడుసార్లు అడిగాడు. గెలవడానికి 230 కావాలి.

ఐదో రోజు మంగళవారం. నేను కాలేజీ మానేశాను. నాన్న నైట్ అవుట్ డ్యూటీ దిగి, ఎనిమిదింటికి వచ్చి, ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుని అలాగే కూర్చున్నాడు. స్నానం లేదు, టిఫిన్ లేదు. మధ్యాహ్నం కావస్తోంది, ఇక కొద్ది పరుగులే ఉన్నాయి, ద్రావిడ్ ఉన్నాడు. తెర మీద చుక్కలు.

నేను పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. అంటే కరెంటు పోయింది మాకు కాదు, బాబాయ్ ఇంటి లైనుకి. సైకిలు తీసుకుని ఒకటే పరుగు.

బాబాయ్ కంట్రోల్ రూమ్ అంటే డాబా మీద రేకుల గది. బయట మూడు డిష్‌లు. లోపల ఇనప అరల నిండా పెట్టెలు, ఒక్కో ఛానెల్‌కి ఒక్కోటి, వాటి వెనక జడలు జడలుగా వైర్లు. ఈఎస్పీఎన్ పెట్టె మిగతా వాటికంటే ఎక్కువ వేడెక్కుతుందని దానికొక్కదానికే చిన్న టేబుల్ ఫ్యాను. దాని మీద సాంబ్రాణి మసి, కుంకుమ బొట్టు. నేను వెళ్ళేసరికి బాబాయ్ లుంగీ పైకి కట్టి జనరేటర్ తాడు లాగుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారికి అది దగ్గి అందుకుంది. పెట్టెల్లో ఎర్ర లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. మూలన పద్నాలుగు అంగుళాల మానిటర్ టీవీలో బొమ్మ వచ్చింది. దానికి స్పీకర్ తీసేశారు, బొమ్మ సరిగా ఉందో లేదో చూసుకోవడానికే అది.

మెక్‌గిల్ బంతి వేశాడు. కాస్త పొట్టిగా పడింది. ద్రావిడ్ వెనక్కి జరిగి కట్ చేశాడు. జనరేటర్ చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. బంతి బౌండరీ వైపు పోతోంది, ద్రావిడ్ చేతులు పైకి లేచాయి. బాబాయ్ చేతిలో తాడు అలాగే ఉంది. "అయిపోయిందా?" అన్నాడు. "గెలిచాం బాబాయ్" అన్నాను. ఆయన వెంటనే, "ఇళ్ళల్లో వచ్చిందంటావా?" అని కంగారుగా డాబా అంచుకు వెళ్ళి వీధిలోకి చూశాడు. అరుపులు వినపడ్డాయి. అప్పుడు కూర్చున్నాడు.

అరుపులు మా సందులోంచి రాలేదు. మా వైపు లైను ఇంకో అయిదు నిమిషాలకు గానీ అందుకోలేదు. ఇంటికెళ్ళేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎవరు కొట్టాడు?"

"ద్రావిడ్. కట్ షాట్, ఫోరు."

"ఏమన్నారు?"

"అక్కడ సౌండ్ లేదు నాన్నా."

నాన్న ముఖంలో నిరాశ కనిపించింది. తర్వాత అన్నాడు, "సరే, ఏమనుంటారో నువ్వే చెప్పు." చెప్పాను. గ్రెగ్ ఏమన్నాడో, బెనో ఏమన్నాడో, ఒక్కొక్కరి వంతూ చెప్పాను. ఆ షాట్‌కి అసలు కామెంటరీ ఏమిటో తర్వాతెప్పుడో విన్నాను గానీ, నాకు గుర్తుండేది నేను చెప్పిందే.

ఆ తర్వాత కథ చాలా చోట్లకు చీలిపోయింది. నిజానికి అప్పటికే చీలడం మొదలైంది. 2002లో షార్జా క్రికెట్ వాళ్ళది టెన్ స్పోర్ట్స్ వచ్చింది, బాబాయ్ గదిలో ఇంకో పెట్టె. 2003 ప్రపంచకప్ సెట్ మ్యాక్స్‌లో, ఇంకో పెట్టె. 2004లో పాకిస్తాన్ టూర్ టెన్‌ది, కానీ సుప్రీంకోర్టు చెప్పాక ఆ బొమ్మనే టెన్ గుర్తుతో, వాళ్ళ ప్రకటనలతో సహా దూరదర్శన్‌లో వేశారు. ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 మేం చూసింది అలాగే. 2006లో మన బోర్డు హక్కులు నింబస్ వాళ్ళకు పోయాయి, నియో స్పోర్ట్స్ పుట్టింది. 2007లో ఏకంగా చట్టమే చేశారు, ముఖ్యమైన మ్యాచ్‌ల ఫీడ్ ప్రసార భారతికి ఇచ్చి తీరాలని. ఎవరు ఏ మ్యాచ్ వేస్తున్నారో పేపర్లో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. పన్నెండు అంటే ఇక క్రికెట్ అని కాదు, క్రికెట్ ఉండొచ్చు అని.

ఈఎస్పీఎన్ వాళ్ళు క్రికెట్ కాని వాటి మీద కూడా డబ్బు పెట్టారని చాలామందికి గుర్తుండదు. ప్రీమియర్ హాకీ లీగ్ వాళ్ళదే, హాకీ సమాఖ్యతో కలిసి. మొదటి సీజన్ 2005 మొదట్లో, మ్యాచ్‌లన్నీ హైదరాబాద్ గచ్చిబౌలిలో. నేను అప్పుడే ఎంసీఏకి హైదరాబాద్ వచ్చాను. అప్పటి గచ్చిబౌలి అంటే రెండు బస్సులు మారి వెళ్ళాలి. హైదరాబాద్ సుల్తాన్స్ ఆట చూద్దామని వెళ్ళి, సగం సేపు కెమెరాల వంకే చూస్తూ కూర్చున్నాను. తెర అంచున రోజూ చూసే ఆ ఎర్ర అక్షరాలు ఒక మనిషి చొక్కా మీద ఉన్నాయి. అతను అరటిపండు తింటున్నాడు. పదేళ్ళుగా ఆకాశంలోంచి వస్తున్న ఛానెల్‌కి ఆకలేస్తుందని నాకు ఆరోజే తెలిసింది. సుల్తాన్స్ కప్పు గెలిచారు. మూడేళ్ళకే ఆ లీగ్ మూలబడింది. నాకు ఇప్పటికీ బాధే.

2007 టీ20 ప్రపంచకప్, 2011 ప్రపంచకప్, రెండూ మళ్ళీ ఈఎస్పీఎన్ స్టార్ చేతిలోనే. ఐసీసీ హక్కులకు 110 కోట్ల డాలర్లు పెట్టారట. అవి నేను హాస్టళ్ళలో, అద్దె గదుల్లో చూశాను. మిస్బా కొట్టిన బంతి శ్రీశాంత్ చేతిలో పడ్డప్పుడూ, ధోనీ సిక్సర్ కొట్టినప్పుడూ రవిశాస్త్రే మాట్లాడుతున్నాడు. రెండుసార్లూ ఒక్క నిమిషంలో నాన్న ఫోన్. రెండుసార్లూ ఒకటే ప్రశ్న. ఏమిటో మీకు తెలుసు.

2012లో మర్డోక్ కంపెనీ ఈఎస్పీఎన్ వాటా కొనేసింది. 2013 నవంబర్ 6న ఈఎస్పీఎన్ పేరు తెర మీంచి పోయింది. స్టార్ క్రికెట్ కూడా పోయింది. అన్నీ స్టార్ స్పోర్ట్స్ ఒకటి, రెండు, మూడు, నాలుగు. సచిన్ 199వ టెస్టు కోల్‌కతాలో మొదలైంది కూడా ఆరోజే. జనమంతా సచిన్ వెళ్ళిపోతున్నాడని బాధపడుతున్నారు, నేను పైకి చెప్పుకోలేని ఇంకో బాధ కూడా పడ్డాను. ఛానెల్ పేరు మారితే బాధపడే మనిషిని ఎవరూ ఓదార్చరు. ఈఎస్పీఎన్ తర్వాత సోనీతో జతకట్టి కొన్నాళ్ళు వచ్చింది. అది మా పన్నెండు కాదు.

నాన్న మాత్రం ఇవేం పట్టించుకోలేదు. ఆ మరుసటి ఏడాది ప్రో కబడ్డీ వచ్చింది, ఆయనకు కొత్త ఊపిరి వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చెడుగుడు ఆడి మోకాలు చెక్కుకున్న మనిషి. చాప మీద ఆడటం నచ్చలేదు. రెయిడ్‌కి ముప్పై సెకన్ల గడియారం అసలు నచ్చలేదు. "గడియారం ఎందుకురా, ఊపిరి ఉన్నంత సేపు ఆడాలి గానీ" అనేవాడు. అయినా తెలుగు టైటాన్స్ మ్యాచ్ ఒక్కటి వదల్లేదు. రాహుల్ చౌదరి ఎక్కడి కుర్రాడో మర్చిపోయి, "మనోడు" అనేవాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఆటకు నా అవసరం లేదు. అక్కడ ఎవరేమన్నా ఆయనకు ముందే తెలుసు.

2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు మొదలైంది. ఆ ఏడాది నుంచే ఐపీఎల్ స్టార్ చేతిలోకి వచ్చింది, ఐదేళ్ళకు 16,347.5 కోట్లు. అంత పెట్టాక ఇంగ్లిష్, హిందీ వచ్చిన వాళ్ళు చూస్తే చాలదు కదా. వెంకటపతి రాజు, వేణుగోపాలరావు తెలుగులో మాట్లాడుతుంటే మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచి ఇదే కావాలనుకున్నాను. తీరా వచ్చాక మూడు ఓవర్లు విని ఇంగ్లిష్‌కి మార్చాను. సిగ్గుపడాల్సిన విషయమే గానీ నిజం. నా చెవికి క్రికెట్ ఇంగ్లిష్‌లోనే అతుక్కుపోయింది.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "ఎందుకు మార్చావ్? పెట్టు, బాగానే ఉంది."

పాతికేళ్ళు ఈ ఇంట్లో క్రికెట్ నడుస్తుంటే పక్క గదిలో పప్పు రుబ్బుకున్న మనిషి. మ్యాచ్ ఉన్న రోజు సీరియల్ పోయిందని సణగడం తప్ప ఏనాడూ తెర వంక చూడలేదు. ఆరోజు వచ్చి కూర్చుంది. వారానికి ఎల్బీడబ్ల్యూ నేర్చుకుంది. నెలకు, రివ్యూ తీసుకోవాలో వద్దో కెప్టెన్ కంటే ముందు చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ ఆవిడకు ఆట నచ్చక కాదు, ఎవరూ చెప్పక. నేను నాన్నకే చెప్పాను. అమ్మ ఎప్పుడూ అడగలేదని నేను అనుకున్నాను, నువ్వూ కూర్చో అని మేం ఎప్పుడూ అనలేదు.

నాన్నను అడిగాను, తెలుగు కామెంటరీ ఎలా ఉందని. "బాగుంది. నీ అంత కల్పించలేరులే" అన్నాడు. నేను బిత్తరపోయాను. ఇన్నేళ్ళూ తెలిసే నవ్వాడన్నమాట. "సర్దార్జీ దేశం వాడికి మన తాటిచెట్టు, మన మేకపిల్ల ఎలా తెలుస్తాయిరా?"

2019లో టీవీ ఛానెళ్ళను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది, ఏ ఛానెల్ కావాలో ఎవరికి వారే ఎంచుకోవాలి. ఉచిత ఛానెళ్ళకు అప్పట్లో 130 రూపాయలు, పే ఛానెళ్ళు విడిగా. బాబాయ్ ఎర్ర పుస్తకం, నీలం పుస్తకం రెండూ అటకెక్కాయి. ఇప్పుడు ప్రతి ఇంటికీ పెట్టె ఉంది, కంపెనీకి మా ఇల్లు ఉన్న సంగతి తెలుసు. నాన్న కాగితం మీద టిక్కులు పెడుతుంటే, మొదటి టిక్కు స్టార్ స్పోర్ట్స్ తెలుగుకి పెట్టించింది అమ్మ. తర్వాత స్టార్ డిస్నీది అయింది, 2024లో రిలయన్స్‌తో కలిసింది. మా ఇంట్లో ఆ వార్త ఎవరూ చదవలేదు.

2024 డిసెంబర్ 28న నేను తెనాలిలో ఉన్నాను. మెల్‌బోర్న్ టెస్టు మూడో రోజు. ఐదింటికి లేచేసరికి హాల్లో లైట్లు లేవు, గోడలు ఆకుపచ్చగా ఉన్నాయి. అమ్మ అప్పటికే కుర్చీ వేసుకుంది. 191కి 6 పడ్డాయి. ఎనిమిదో నంబరులో వచ్చిన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 కలిపాడు. నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. చివరి వికెట్టు, మన సిరాజ్. ఆ ఓవర్లో మిగిలిన మూడు బంతులు సిరాజ్ ఆపుతుంటే అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. తర్వాత బోలాండ్ బంతిని నితీశ్ నేరుగా ఫోర్ కొట్టాడు. స్టాండ్స్‌లో ఉన్న వాళ్ళ నాన్నను చూపించారు, చేతులు జోడించి ఏడుస్తున్నాడు.

తెలుగు కామెంటరీ గట్టిగానే వస్తోంది. నాన్నకు ఈ మధ్య వినికిడి తగ్గింది, మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోడు. తెర మీంచి కళ్ళు తిప్పకుండా నా మోచెయ్యి తట్టాడు.

"ఏమంటున్నాడ్రా?"

చెవి దగ్గరికి జరిగి చెప్పాను. తెలుగునే మళ్ళీ తెలుగులో, కొంచెం గట్టిగా. చివర్లో తాటిచెట్టు ఒకటి కలిపాను.